తొంభై మిల్లీలీటర్ల సాక్షి

క్రీడల పవిత్రత మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చే పెద్దలెవరూ ఆ గదుల్లోకి తొంగి చూడరు. స్టేడియం మెట్ల కింద, తెల్ల పలకల గోడలతో రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మూత తీయని నీళ్ల సీసాలతో నిండిన ఫ్రిజ్జు. వెనక గదిలో మరుగుదొడ్డి. ఎంత గొప్ప పవిత్రతైనా చివరికి ఆ వెనక గదిలో, తొంభై మిల్లీలీటర్ల మూత్రంలో తేలవలసిందే. అది ఆటగాడి ఒంట్లోంచే వచ్చిందని కళ్లారా చూసి, కాగితం మీద సంతకం పెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని ఆటగాళ్లు చూపుల బాబాయి అంటారు.

బాబాయి అంతకుముందు ఇరవై రెండేళ్లు ఒక బడిలో సైన్సు ల్యాబు చూసుకున్నాడు. సీసాలు కడగడం, చీటీలు అంటించడం, పిల్లలు యాసిడ్ ఒలకబోస్తే చీవాట్లు పెట్టడం ఆయన పని. కాబట్టి సీసాల దగ్గర ఆయనకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. మూత బిగించడం, అంకెలు సరిచూడడం, ముద్ర వేయడం మంచినీళ్లు తాగినంత తేలిక. చిక్కల్లా చూడడం దగ్గరే. బాబాయి పరమ సిగ్గరి. సొంత ఇంట్లో చొక్కా మార్చుకోవాలన్నా తలుపు గడియ పెట్టుకునే రకం.

"పొయ్యి పక్కనే నుంచుని పాలు పొంగబెడతారు మీరు," అనేది భార్య. "ఏరి కోరి మిమ్మల్నే చూసే పనికి పెట్టుకున్నారంటే, వాళ్లకిక మనుషులే దొరకలేదన్నమాట."

"పాలు నన్ను చూసి సిగ్గుపడవు కదే," అనేవాడాయన. ఆ జవాబు ఆయనకే సరిపోయినట్టుండేది కాదు.

అసలు గొడవ కుస్తీ ఫైనల్ రోజున మొదలైంది. గెలిచిన కుర్రాడు ఆరడుగుల కొండ. బరిలో ఎదుటివాణ్ణి ఎత్తి కుదేస్తాడు. మరుగుదొడ్డి గదిలోకి వచ్చేసరికి మాత్రం అత్తిపత్తి ఆకు. నాలుగు సీసాల నీళ్లు తాగాడు, మూడు గంటలు నిలబడ్డాడు, చుక్క రాలేదు.

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే రాదు బాబాయ్."

"నేనెక్కడ అప్పగించానురా? రూలు అలా ఉంది."

"రూలుకి వస్తుందేమో. నాకు రాదు."

బాబాయికి జాలేసింది. జాలి కన్నా ముందు సిగ్గేసింది. ఒక్క అరనిమిషం గోడవైపు తిరిగాడు. తెల్ల పలకలు లెక్కపెట్టాడు. "అయింది బాబాయ్" అని వినపడ్డాక ఇటు తిరిగి, వెచ్చటి గిన్నె అందుకుని, సగం ఒక సీసాలో, సగం ఇంకో సీసాలో పోయించి, ముద్రలు వేయించి, "చూశాను" అన్న చోట సంతకం చేశాడు.

ల్యాబులో ఆ మూత్రం శుభ్రంగా తేలింది. అక్కడితో కథ కంచికి చేరాలి. చేరితే ఓడిన కుర్రాడి కోచ్‌కి నిద్ర పట్టదు. మూడు నెలల్లో అంత మెడ మందులు లేకుండా ఎలా వస్తుందని పేపర్లకెక్కాడు. నిక్కర్లో సంచీ కట్టుకుని ఎవరిదో మూత్రం తెచ్చి పోశాడన్నాడు. విచారణకు ముగ్గురు పెద్దలతో కమిటీ వేశారు: అధ్యక్షుడుగా ఒక రిటైరైన జడ్జి, తోడుగా ఒక డాక్టరు, ఒక మాజీ ఆటగాడు. వాళ్లు అడగబోయేది ఒకే ప్రశ్న, అడగబోయేది బాబాయినే. చూశావా?

విచారణ రోజు పొద్దున ఆయన మంచం అంచున కూర్చుని సాక్సు ఒక్కటే తొడుక్కుని ఆగిపోయాడు.

"చూశానని అనేస్తే ఏమవుతుంది?" అడిగింది భార్య.

"వాడి పతకం ఉంటుంది. నా ఉద్యోగమూ ఉంటుంది."

"ఇంకేం మరి?"

"వాడు నిజంగానే సంచీ తెచ్చుంటే?"

"తెచ్చాడంటారా?"

"ఏమో. ఆ గోడకి పలకలు పదిహేడు. అదొక్కటే ఒట్టేసి చెప్పగలను."

ఆవిడ రెండో సాక్సు ఆయన ఒళ్లో పడేసింది. "అయితే అదే చెప్పండి."

చెప్పాడు. "గోడ చూశానండీ."

కుర్రాడు తల పట్టుకున్నాడు. "కొంప ముంచావు కదా బాబాయ్! నేనేం తేలేదు, నీ మీదొట్టు!"

"నా మీద ఎందుకురా, నా పని ఎలాగూ అయిపోయింది."

కోచ్ పకపక నవ్వాడు. అప్పుడు డాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఒక్కో ఒంటి మూత్రంలో హార్మోన్ల పాళ్లకు ఒక వరస ఉంటుందట. ఇప్పుడు కొత్తగా ఒకసారి తీసుకుని, ముద్ర విప్పని ఆ రెండో సీసాతో పోల్చి చూస్తే గుట్టు తెలిసిపోతుందట.

"ఈసారి మేమే చూస్తాం," అన్నాడు జడ్జి, బాబాయివైపు కత్తిలాంటి చూపు విసిరి. బాబాయిని తీసేస్తూ కాగితం టైపు చేయమని గుమాస్తాకు పురమాయించి మరీ లేచాడు.

స్టేడియం మెట్ల కింద, ఒక మనిషి పట్టే ఆ వెనక గదిలో అయిదుగురు దూరారు. సీసాల పెట్టె పట్టుకుని బాబాయి మూలన నిలబడ్డాడు. గంట గడిచింది. రెండో గంటా గడిచింది. మాజీ ఆటగాడు ఈల వేయబోయి ఆపుకున్నాడు. జడ్జి చెవులు ఎర్రబడ్డాయి. ముప్ఫై ఏళ్లు హంతకుల కళ్లలోకి చూసిన మనిషి, ఇప్పుడు ఎటు చూడాలో తెలియక తన బూట్లు చూసుకుంటున్నాడు.

"ఒక్క నిమిషం మనం అటు తిరిగితే..." నసిగాడు డాక్టరు.

ముగ్గురూ తిరిగారు. "నువ్వూ తిరగవయ్యా," అన్నాడు జడ్జి గోడతో.

బాబాయి తిరగలేదు. ముఖం పొయ్యిలో పెట్టినట్టుంది. అయినా చూడవలసిన చోటే చూస్తూ మాట కలిపాడు.

"మీ అమ్మ మోకాలు ఎలా ఉందిరా?"

"ఆపరేషన్ చేయాలన్నారు బాబాయ్. వద్దంటోంది."

"ఏ కాలికి?"

"ఎడమకాలికి. మొన్న మెట్లు దిగుతూ..."

మెట్లు దిగుతూ ఏమైందో కుర్రాడు చెబుతూనే ఉన్నాడు. ఈలోగా గిన్నె నిండింది. బాబాయి మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా చూశాడు.

ముందు గదిలో బల్ల మీద తీసివేత కాగితం సిద్ధంగా ఉంది. జడ్జి దాన్ని పక్కకు నెట్టి, నమూనా ఫారం లాక్కుని, "చూశాను" అన్న చోట కలం పెట్టాడు.

"మీరు గోడ చూశారండీ," అన్నాడు బాబాయి మెల్లిగా.

కలం ఆగిపోయింది. జడ్జి డాక్టరును చూశాడు. డాక్టరు మాజీ ఆటగాణ్ణి చూశాడు. మాజీ ఆటగాడు పైకప్పువైపు చూశాడు. చూసినవాడు ఒక్కడే. ఉద్యోగం ఊడినవాడి సంతకం చెల్లదు. సంతకం లేని సీసా పనికిరాదు. పనికిరాకపోతే మళ్లీ ఆ గదిలోకే వెళ్లాలి.

జడ్జి తీసివేత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, కలం బాబాయికి అందించాడు.

పది రోజులకు ఫలితం వచ్చింది. రెండు సీసాలూ ఒకే ఒంటివి. కుర్రాడి పతకం కుర్రాడికి దక్కింది. మొదటి రోజు గోడ చూసినందుకు బాబాయికి నెల రోజుల సస్పెన్షన్, ఆపైన మళ్లీ అదే ఉద్యోగం.

భార్య ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"నెల రోజులు ఇంట్లోనే ఉంటారా? అయితే శిక్ష వేసింది నాకన్నమాట."