లైబ్రరీ కౌంటర్ కింద నా కార్డు

గల్ఫ్‌లో మా క్యాంపు దగ్గర కొత్త లైబ్రరీ తెరిచారని, ఎవరైనా పోవచ్చని, పైసా అడగరని నా గదిలో ఉండే అన్న చెప్పినప్పుడు నేను అడిగింది ఒకటే.

"అయితే ఏం లాక్కుంటారంట?"

అన్న సొంతూరు కోవూరు. వరి పండించిన మనిషి, కాలవలో నీళ్లు వదిలితే మడి నిండుతుందని నమ్మే రకం. నాది బోగోలు దగ్గర సముద్రం ఒడ్డు. మావాళ్లు చేపలు పడిన చోటు సొంత బావమరిదికి కూడా చెప్పరు. నిండు గంప మీద గోనెపట్టా కప్పి, "ఈ పొద్దు ఏం పళ్ళేదు బావా" అంటూ పోతారు. అలాంటి ఊళ్లో పుట్టి, ఏడో తరగతి మధ్యలో బడికి దణ్ణం పెట్టి బయటపడ్డవాణ్ణి. ఊరికే ఇస్తామంటే నాకు చెమటలు పడతాయి.

శుక్రవారం సెలవు. అన్న బలవంతం మీద పోయాను. లోపల అడుగుపెట్టాక అనుమానం ఇంకా ముదిరింది. పిల్లల్ని తోపుడు బండ్లలో పెట్టుకొచ్చిన తల్లులు, ల్యాప్‌టాప్‌లు ముందేసుకున్న కుర్రాళ్లు, కుర్చీలు దొరక్క మెట్ల మీద కూర్చున్నవాళ్లు. ఇంతమందిలో ఒక్కరూ గొంతు పెంచడం లేదు. మా రేవులో ఇందులో సగం జనం చేరినా పక్కవాడి మాట వినపడదు. జనం ఉండి గోల లేదంటే అందరూ కలిసి ఏదో దాస్తున్నారనే అనుకున్నాను.

అన్న ట్రాక్టర్ల బొమ్మలున్న పుస్తకమొకటి తీసుకుని కూర్చున్నాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. మా రేవులో చేపల వేలం జరిగేటప్పుడు గంప మీద చెయ్యి వేస్తే పాట ఒప్పుకున్నట్టే. ఊరికే చూశానంటే ఎవడూ వినడు. అందుకని మాకు చిన్నప్పుడే చేతులు వెనక్కి పెట్టుకోవడం నేర్పుతారు. ఆ లెక్కన నేను ఒక్క పుస్తకాన్నీ తాకలేదు. మెడ వంచి అట్టలు చూడడం, చుట్టూ చూడడం, మళ్లీ నడవడం.

కాసేపటికి వెనక బూట్ల చప్పుడు వినిపించింది. నేను ఆగితే అదీ ఆగుతోంది. తిరిగి చూస్తే సెక్యూరిటీ గార్డు, తమిళుడు. తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడు అంటుకున్న అరవం నాకుంది కనుక మాటలు అందులోనే నడిచాయి.

"ఏం వెతుకుతున్నావు?"

"ఏమీ లేదన్నా. చూస్తున్నా."

"చూసేవాడు పుస్తకం తీస్తాడు. నువ్వు తలుపులు, కెమెరాలు చూస్తున్నావు. ఐడీ కార్డు తియ్యి."

నేను జేబు మీద చెయ్యి వేసుకున్నాను. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. ఈ దేశంలో నేనెవరో చెప్పడానికి జేబులో ఉన్నది ఆ కార్డొక్కటే. మా ఊరివాడొకడు అది పోగొట్టుకుని పోలీసులకు దొరికాడు. బయటపడేసరికి వాడి సెలవు కాస్తా రద్దయింది. నాకు వచ్చే నెలలో సెలవు. నేను విమానం ఎక్కాక పుట్టిన నా కూతురు అప్పటికే నడుస్తోంది, నేనింకా ఎత్తుకోలేదు. కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టులో అడుగు ముందుకు పడదు.

"నాది నీకిస్తే, నీది నా దగ్గర పెడతావా?" అన్నాను. గార్డు నవ్వలేదు.

అన్న లేచి వచ్చాడు. "ఏం జేసినావురా?"

"ఏం జెయ్యలేదన్నా. అదే తప్పంట."

"ఇచ్చెయ్ అబ్బయా. చూసి ఇస్తారు."

"నీది గాదు గదా, ఇచ్చెయ్ అంటావు."

గార్డు మమ్మల్ని కౌంటర్ దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడున్నామె విషయం విని, కొత్తగా వచ్చినట్టున్నాడు, సభ్యుణ్ణి చేసేస్తే సరిపోతుందని హిందీలో చెప్పి చెయ్యి చాపింది. నా వెనక క్యూ పెరుగుతోంది. ఇచ్చాను. ఆమె కార్డుతో సహా కౌంటర్ కిందికి వంగింది.

ఇక నాకు కార్డు కనపడలేదు. కౌంటర్ మీదికి పొట్ట ఆనించి లోపలికి వంగాను. కాళ్లు నేల వదిలేశాయి. గార్డు వెనకనుంచి నా చొక్కా పట్టుకున్నాడు.

"దిగు."

"నా కార్డు కిందుంది."

"అది ఎక్కడికీ పోదు."

"మా ఊరివాడూ అట్లానే అనుకున్నాడు."

ఆమె పైకి లేచి, గాల్లో ఈదుతున్న నన్ను చూసి నోరు మూసుకుని నవ్వింది. నా కార్డు ఇచ్చింది. దాంతో పాటు నా పేరున్న ఇంకో కార్డు కూడా ఇచ్చి, పుస్తకాలు గదికి తీసుకుపోవచ్చంది. ఒకటి ఇస్తే రెండు తిరిగొచ్చాయి. ఏ లెక్కలో చూసినా అది మంచి సూచన కాదు.

తిరుగు బస్సులో కూర్చుని నా పాత ఐడీ కార్డు తిప్పి తిప్పి చూస్తున్నాను.

"వచ్చింది గదరా, ఇంకేంది?" అన్నాడు అన్న.

"వచ్చింది నాదేనా అని చూస్తుండా."

ఫొటోలో బుగ్గలు పీక్కుపోయి, కళ్లు బెదిరిపోయి ఎవడో ఉన్నాడు. దిగిన కొత్తలో తీసిన ఫొటో. "ఇది నేనేనంటావా అన్నా?"

అన్న కార్డు తీసుకుని వెలుతురుకు పట్టి, నన్నొకసారి, దాన్నొకసారి చూశాడు. "నీదేరా. ఈ మొహం నాకు గావాలని ఇంకొకడు ఎందుకు అడగతాడు?"

ముందు సీటులో ఉన్నవాళ్లు తిరిగి చూసేంతగా నవ్వాను. నవ్వుతూనే కార్డు లాక్కున్నాను. మా స్టాపు వస్తోంది. చేతిలో ఉన్నది సీట్లో మరిచిపోయి దిగడం అన్నకు బాగా అలవాటు.