ముందు వరస, కుడి చివరి కుర్చీ

ఆటోనగర్లో బాలశౌరి మేస్త్రీ తెలియని లారీ డ్రైవరు లేడు. తెలియదన్నాడంటే వాడు స్టీరింగు నిన్నగాక మొన్న పట్టుకున్నాడన్నమాట. ఆయన ఇంజను విప్పడు, ముందు వింటాడు. మూరెడు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని "మూడో సిలిండరు ఇంజెక్టరు" అంటాడు. విప్పి చూస్తే అదే. చల్లపల్లి పక్కన కూలినాలి చేసుకునే ఇంట్లో పుట్టి, పదో తరగతి తప్పి, ముప్పయ్యేళ్ళ కిందట బస్సెక్కి వచ్చిన మనిషి. ఇల్లయినా, అమలమ్మతో పెళ్ళయినా, కూతురు వినీల చేతిలో ఫిడేలయినా ఆ చెవుల పుణ్యమే.

ఆ చెవుల్లో ఎడమది రెండేళ్ళ కిందట పోయింది. ఆ సంగతి పెళ్ళానికి కూడా తెలియదని ఆయన ధీమా.

దాచడంలో మాత్రం ఘనుడండీ! బడ్డీకొట్టు దగ్గరైనా, గుణదల చర్చిలోనైనా, గోడని ఎడమ పక్కకి వచ్చేలా చూసుకుని నిలబడతాడు. అయినా ఎవరైనా అటునుంచే పలకరిస్తే నవ్వి తలూపేస్తాడు. ఆ తలూపుడుతో ఎన్ని పెళ్ళిళ్ళకి వస్తానని మాటిచ్చాడో ఆ దేవుడికే తెలియాలి. డాక్టరు దగ్గరికి మాత్రం పోడు. వెళితే పోయిందని కాగితం మీద రాసిస్తాడు. రాసిచ్చాక ఇక లేదనడానికి వీలుండదని భయం.

పోనీలే, కుడిది ఉందిగా అని రోజులు నెట్టుకొస్తున్నాడు. పోయిన నెల ఆ ధైర్యం కూడా పోయింది. ఇబ్రహీంపట్నం నుంచి కరెంటు ప్లాంటు బూడిద తోలే గంగరాజు లారీ తెచ్చి, "సన్నగా కీచుమంటోంది మేస్త్రీ గారూ, చూడండి" అన్నాడు. బాలశౌరి స్క్రూడ్రైవరు కుడి చెవికి పెట్టుకుని విన్నాడు. షెడ్డులో మరో మూడు ఇంజన్లు మొత్తుకుంటున్నాయి. ఆయనకి ఏ కీచూ వినపడలేదు. "ఏం లేదు, తీసుకుపో" అన్నాడు. కొండపల్లి దాటకుండానే వాటర్ పంపు బేరింగు విరిగి, ఇంజను కాలి పొగలొచ్చింది. గంగరాజు పల్లెత్తు మాట అనలేదు. మేస్త్రీ తప్పు చెప్పాడంటే వాడికే నమ్మబుద్ధి కాలేదు.

బాలశౌరికి మాత్రం అన్నం సయించడం మానేసింది. సన్న చప్పుళ్ళు కుడి చెవికి కూడా అందడం లేదా? ఇది కూడా పోతే తనెవరు? ఆటోనగర్లో స్క్రూడ్రైవరు పట్టుకున్నవాళ్ళు వేలమంది ఉన్నారు. వినేవాడు తనొక్కడే.

సరిగ్గా అప్పుడే వినీల ఒక కార్డు పట్టుకొచ్చింది. బందరు రోడ్డులో కొత్తగా కట్టిన హాల్లో యాభై మంది పిల్లల ఆర్కెస్ట్రా. ఆఖర్న తను ఒక్కతే లేచి నిలబడి వాయిస్తుందట. "నీకు ముందు వరసలోనే సీటు, డాడీ! ఎవరితో పోట్లాడి తెచ్చానో నీకేం తెలుసు," అంది. పోట్లాటకి ఆ పిల్ల పెట్టింది పేరు. ఏడాదిగా ఇంట్లో అన్నాల దగ్గర కూడా తండ్రి కుడిపక్క కుర్చీ కోసం పంతం. ఫ్యాను గాలి అక్కడే బాగా తగులుతుందట, విడ్డూరం కాకపోతే!

కార్డు చేతిలో పట్టుకుని బాలశౌరి మనసులో ఒక పరీక్ష పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళుగా వంటింటి గోడ అవతల నుంచి విన్న ఫిడేలది. అది వినపడితే కుడి చెవి ఉన్నట్టు. వినపడకపోతే మర్నాడే స్క్రూడ్రైవరు కింద పెట్టెయ్యడమే. ఆ మాట పైకి అనకుండానే శనివారం సాయంత్రం చొక్కా గుండీలు పెట్టుకుని బయల్దేరాడు.

ముందు వరసలో కుడి చివరి కుర్చీ ఆయనది. పక్కన, అంటే ఎడమ పక్కన, అమలమ్మ. స్టేజీ ఆయన తల ఎత్తున ఉంది. నిలువెత్తు ఫిడేళ్ళు నాలుగు ఎదురుగానే ఉన్నాయి, వాటి వెనక బానల్లాంటి డోళ్ళు. వినీల ఎక్కడో ఎడమ చివర, ఇరవై మంది వెనక. బాలశౌరి చుట్టూ చూశాడు. మైకులు లేవు. సౌండు బాక్సులు కూడా లేవు. మైకు లేకుండానే వాయిస్తారని ఎవరో చెప్పారు. చర్చి పండగల్లోలా ఏ బాక్సు పక్కనో కుడి చెవి పెట్టి కూర్చోవచ్చనుకుని వచ్చాడు మరి.

వాయిద్యాలు మొదలయ్యాయి. పెద్ద ఫిడేళ్ళు గుమ్మంటే కుర్చీ అదిరింది. డోళ్ళ మోత అరికాళ్ళలోంచి పైకి పాకింది. మెడ సాచి ఎడమ వైపు చూశాడు. అక్కడ ఫిడేళ్ళ కమానులన్నీ ఒక్కసారిగా లేస్తున్నాయి, దిగుతున్నాయి. చప్పుడు లేదు. వినీల మోచెయ్యి కనపడుతోంది, ఊగుతోంది, చప్పుడు మాత్రం లేదు. కుడి చెవి స్టేజీ వైపు తిప్పి, ఊపిరి బిగబట్టాడు. ఉహూఁ. గుమ్ము గుమ్మే తప్ప సన్నటి రాగం ఒక్కటి రాలేదు.

అయిపోయింది, రెండోది కూడా అయిపోయింది అనుకున్నాడు. అమలమ్మ వంగి ఎడమ చెవిలో ఏదో అంది. తలూపాడు. కాసేపాగి మళ్ళీ అదే అన్నట్టుంది. మళ్ళీ తలూపాడు.

మధ్యలో విరామం ఇవ్వగానే బాత్రూముకని లేచాడు. నిజానికి బయటపడి ఆటో ఎక్కేద్దామని. గుమ్మం దగ్గర చర్చివాళ్ళు గుంపుగా నిలబడి చెయ్యి ఊపారు. పలకరిస్తారేమోనన్న భయంతో పక్కనున్న మెట్లెక్కేశాడు. ఎక్కుతూనే ఉన్నాడు. మేడ మీద కుర్చీలన్నీ ఖాళీ. ఆఖరి వరసలో చీపురు ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. హాలు ఊడ్చే సంపూర్ణమ్మ.

"ముందు వరస ఇచ్చారా బాబుగారూ?" అంది ఆయన జేబులో కార్డు చూసి.

"ఎలా తెలుసు?"

"రంగు కార్డు పెద్దోళ్ళకే ఇస్తారు. పాపం, వాళ్ళకి మర్యాద దక్కుద్ది, పాట దక్కదు. పాట వాళ్ళ నెత్తి మీంచి ఎగిరి ఇక్కడికొచ్చి వాలుద్ది. రోజూ ఊడ్చేదాన్ని, నాకు తెలవదా? కూకోండి."

కూర్చున్నాడు. విరామం అయిపోయి కింద దీపాలు తగ్గాయి. ఆఖరి పాటకి వినీల లేచి ముందుకొచ్చింది. అంత ఎత్తు నుంచి బొటనవేలంత పిల్ల. ఫిడేలు గడ్డం కింద పెట్టి కమాను ఎత్తింది. బాలశౌరి కళ్ళు మూసుకున్నాడు. మరియమ్మ తల్లీ, ఒక్కటి, ఒక్క ముక్క వినపడనీ చాలు అనుకున్నాడు.

వినపడింది.

సన్నగా, సూటిగా, వంటింటి గోడ అవతల నుంచి వచ్చినట్టే వచ్చింది. పైకి, ఇంకా పైకి వెళ్ళింది. ఎక్కడా తెగలేదు. నమ్మలేక కుడి చెవి వేలితో మూశాడు, రాగం పోయింది. తీశాడు, వచ్చింది. బుద్ధి తక్కువ వెధవలా మూస్తూ తీస్తూ కూర్చుని, అంత మనిషీ ఏడ్చేశాడు. గంగరాజు లారీ గుర్తొచ్చింది. ఆ మూడు ఇంజన్ల గోలలో ఏ మూల నిలబడి విన్నాడు తను? సంపూర్ణమ్మ చూడనట్టు చీపురు పుల్లలు సర్దుకుంది.

చప్పట్లు మొదలయ్యాయి. వినీల వంగి దండం పెట్టి, తలెత్తి ముందు వరసలో తండ్రి కుర్చీకేసి చూసింది. కుర్చీ ఖాళీ. పిల్ల ముఖం వాడిపోవడం అంత ఎత్తు నుంచి కూడా తెలిసింది. "ఇక్కడున్నానమ్మా!" అని గావుకేక పెట్టాడు. ఆ చప్పట్లలో ఆయన కేక ఎవరికి వినపడుతుంది? మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

స్టేజీ పక్క గుమ్మంలో వినీల ఎర్రబడ్డ కళ్ళతో నిలబడి ఉంది. "మధ్యలోనే వెళ్ళిపోయావా, డాడీ?"

"లేదే, బాత్రూముకి..." అని నసిగాడు.

"ముందు వరసలో కూడా వినపడలేదా?" అంది. "నాకు తెలుసు, డాడీ. ఎడమది కదా. నిరుడు ఈస్టరప్పుడు బండి మీద నీ వెనక కూర్చుని, చర్చిలో నన్నొక్కదాన్నే వాయించమన్నారని ఆ చెవిలో చెప్పాను. తలూపావు. ఇంటికెళ్ళాక, ఈస్టరుకి చర్చిలో ఎవరు వాయిస్తారమ్మా అని అడిగావు."

ఫ్యాను గాలి! బాలశౌరికి ఇప్పుడు అర్థమైంది. ఏడాదిగా ఆ పిల్ల కుడిపక్కే కూర్చుని అన్నం తింటోంది.

"నువ్వు భయపడుతున్నావని ఎవరికీ చెప్పలేదు. దగ్గరైతే బాగా వినపడుతుందని ఆ సీటు కోసం గొడవ పడ్డాను. నేనెప్పుడన్నా కింద కూర్చుని విన్నానా, నాకేం తెలుసు?" అని ఏడ్చింది.

ఇంతలో అమలమ్మ ఆయాసపడుతూ వచ్చింది. "ఏం దగ్గరే తల్లీ! ముందు కూర్చోబెట్టావన్నమాటే కానీ, నువ్వు లేచి నిలబడేదాకా నీ ఫిడేలు ఒక్క ముక్క వినపడితే ఒట్టు. డోళ్ళ మోతకి తల పగిలింది. నాకేం వినపడటం లేదండీ, మీకో అని మీ నాన్నని రెండుసార్లు అడిగాను. ఏదీ, ఊఁ అని తలూపారు!"

బాలశౌరి నిర్ఘాంతపోయాడు. ఆ ఒక్క మాట చెవిన పడుంటే ఈ సాయంత్రమంతా చచ్చి బతికేవాడు కాదు.

"ఇప్పుడైనా పలకరేం?" అంది అమలమ్మ, ఎడమ పక్కకి వచ్చి నిలబడుతూ.

ఆమె పెదాలు కదలడం చూశాడు. తలూపబోయాడు. ఊపలేదు. భార్య చెయ్యి పట్టుకుని తన ముందునుంచి కుడి పక్కకి తెచ్చుకున్నాడు.

"ఇటొచ్చి చెప్పవే, అమలా. అటు చెబితే నాకు వినపడదు. రెండేళ్ళయింది."