రాసిన పేరుకు మనిషి

డెబ్బై ఆరులో నేను సదుం దగ్గర ఒక చిన్న పల్లెలో అయ్యవారిని. బడికంతా నేనొక్కణ్ణే. నా భార్య, మూడేళ్ళ కూతురు మదనపల్లెలో ఉండేవాళ్ళు. మా అత్త మంచం పట్టడంతో ఆమెను విడిచి నా భార్య రాలేకపోయింది. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి పోయి, సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేవాణ్ణి. మధ్యలో దొరికే ఆ ఒక్క ఆదివారం కోసమే మిగిలిన రోజులు గడిపేవాణ్ణి.

ఆ ఏడాది కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు అయ్యవార్లు కూడా మనుషులను తేవాలన్నారు. నా వంతు ఇద్దరు. బళ్ళు తనిఖీ చేసే అధికారి జీపులో వచ్చి, లోపలికైనా రాకుండా అరుగు మీద నిలబడే చెప్పాడు.

"నెలాఖరుకు ఇద్దర్ని తేవాల. లేకపోతే కుప్పం అవతల, తమిళనాడు సరిహద్దులో ఒక ఊరుండాది. బస్సు కూడా పోదు. నిన్ను ఆడికి ఏస్తా."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆయనకూ పైనుంచి ఎవరో అట్లాగే చెప్పి ఉంటారు.

నేను దేవుణ్ణి నమ్మను. మంచి చేయడానికి దేవుడి భయం అక్కర్లేదని, ఎదుటి మనిషి బాధ మనసుకు తెలిస్తే చాలునని పల్లెలో అందరితో వాదించేవాణ్ణి. బడిలో పిల్లలందరి చేతా ఒకే కుండ నీళ్ళు తాగించాను. దానికి కొందరు రైతులు వారం రోజులు పిల్లల్ని పంపలేదు. నేను తగ్గలేదు. ఆ గర్వం నాకు ఉండేది. కానీ జీపు వెళ్ళిపోయాక నేను ఆలోచించింది ఒక్కటే, ఎవరిని తీసుకుపోవాలి అని.

వేరుశనగ చేలల్లో కూలికి పోయే ఒకతను ఉండేవాడు. మా బడి పైకప్పు కప్పింది అతనే. తన వాడ పిల్లలకు ఆ కుండ నీళ్ళు అందినప్పటి నుంచి నేనేం చెప్పినా తల ఊపేవాడు. నలభై దగ్గరపడి ఉంటాయి. నా దగ్గరున్న పాత జనాభా లెక్కల కాగితంలో అతనికి ఇద్దరు పిల్లలని ఉంది. అదే ఫారంలోకి ఎక్కించాను. అతన్ని అడగలేదు.

"పుంగనూరుకు డాక్టర్లు వస్తాండారప్పా. చిన్న ఆపరేషన్ చేస్తారు. ఒంటికి మంచిదే. ఇంటిస్థలం కూడా ఇస్తారని చెప్తాండారు," అన్నాను.

"నువ్వు చెప్తే సాలు అయివోరా."

ఏం ఆపరేషన్ అని అతను అడగలేదు. అడిగితే బాగుండునని ఒక పక్క అనిపించింది. అడగనందుకు ఇంకో పక్క మనసు తేలికపడింది.

పుంగనూరులో ఒక పాత సత్రంలో శిబిరం పెట్టారు. గేటు దగ్గర ఆ అధికారే బల్ల వేసుకొని పేర్లు సరిచూస్తున్నాడు. లోపలికి వచ్చినవాళ్ళు పని కాకుండా బయటికి పోకుండా గేటు మూసి ఉంచారు. వరుసలో మాకంటే ముందు పదిమంది ఉన్నారు. అతను కొత్త తుండు భుజాన వేసుకొని వచ్చాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు.

"ఇది చేయించుకుంటే పుట్టే బిడ్డ నిలుస్తాదా అయివోరా?"

"ఏ బిడ్డ?"

"మొదటి ఆడదీ, ఇద్దరు బిడ్లూ మూడేండ్లల్లోనే పోయిరి గదా. మళ్ళ పెండ్లి చేసుకొని ఏడాదాయ. ఇంకా ఏం లేదు. ఒంటికి మంచిదని నువ్వు చెప్తివే, దానికే వొస్తి."

అధికారి దగ్గరికి పోయి, ఇతనికి పిల్లలు లేరు, పొరపాటున రాశాను, పంపించేద్దాం అన్నాను. ఆయన రిజిస్టరు మీదినుంచి తలెత్తలేదు.

"లెక్క పైకి పోయింది. రాసిన పేరుకు మనిషి కావాల. పొయ్యి నిలబడు."

వరుస కదులుతోంది. మా ముందు ఆరుగురు, తరువాత నలుగురు. నేను బల్ల మీద ఇంకో ఫారం తీసుకొని నా పేరు రాశాను. పిల్లలెందరు అన్నచోట, ఒకరే ఉంటే చేయరని తెలిసి, ఇద్దరని రాశాను. అధికారి అది చదివి, కొంచెంసేపు నా ముఖం చూసి, అతని పేరు పక్కన 'బదులు' అని రాసుకున్నాడు.

"నువ్వు ఇంటికి పోప్పా. ఇది నీకు కాదు," అని చెప్పి అతన్ని గేటు దాటించాను.

ఆపరేషన్ అయ్యాక సాయంత్రం మదనపల్లె బస్సెక్కాను. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా కళ్ళు బైర్లు కమ్మాయి. నిజం చెప్పాలంటే ఆ నొప్పిలో కూడా నేను సంతోషంగానే ఉన్నాను. ఒక మనిషిని కాపాడానని, ఇంట్లో చెబితే ఆమె మెచ్చుకుంటుందని అనుకున్నాను.

నా భార్య వాళ్ళమ్మకు గంజి తాగిస్తూ అంతా విన్నది. గిన్నె కింద పెట్టింది.

"ఆయప్పను అడక్కుండా చేయడం తప్పని మీకు తెలిసె గదా?"

"తెలిసింది."

"మరి నన్ను అడగాలని ఏల తోచలేదు?"

టైము లేదన్నాను. ఆమె గిన్నె తీసుకొని వాళ్ళమ్మకు మళ్ళీ గంజి పట్టింది. కూతురికి తోడుగా ఇంకో బిడ్డ కావాలని ఆమె ఎన్నిసార్లు అన్నదో నాకు తెలుసు. ఆ వరుసలో నిలబడ్డప్పుడు ఆ మాట ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు.

పల్లెకు తిరిగి వచ్చాక అతను బడి వైపు రావడం మానేశాడు. తనకు రావలసిన ఇంటిస్థలం అయ్యవారు కాజేశాడని అతను చెప్పుకుంటున్నట్టు తెలిసింది. నేనే వాళ్ళ ఇంటికి పోయాను. అది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అని, ఆ మాట దాచి తీసుకుపోయింది నేనేనని చెప్పాను.

"తెలిసే తీసకపోతివా?"

"పిల్లలు లేరని తెలీదు. ఆపరేషన్ సంగతి తెలుసు."

"నువ్వు స్థలం కాజేసినావని అనుకున్నప్పుడే బాగుండె అయివోరా," అని లేచి లోపలికి పోయాడు.

ఇద్దరిలో ఒక్కరే లెక్కకు వచ్చారు కాబట్టి కుప్పం ఉత్తర్వు రానే వచ్చింది. బస్సు దిగి నాలుగు మైళ్ళు నడిస్తే ఆ ఊరు. మరుసటి ఏడాది ఢిల్లీలో ప్రభుత్వం మారింది, ఆపరేషన్ల మాట ఎవరూ ఎత్తలేదు. అక్కడికి పంపిన నన్ను మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు. అత్త పోయాక నా భార్య, కూతురు వచ్చారు. రెండు గదుల ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడకుండా తిరగడం కుదరదు. కూతురు వాకిట్లో కూర్చొని ఇద్దరి వంతూ తానే అచ్చనగాయలు ఆడుకుంటుంటే, మేమిద్దరం ఏదో పని వెతుక్కొని లోపలికి పోయేవాళ్ళం.

ఎనభై మూడులో, ఎన్నోసారో పెట్టుకున్న అర్జీకి మదనపల్లె బదిలీ వచ్చింది. ఏడేళ్ళుగా నేను ఎదురుచూసింది దానికే. అప్పటికి కూతురు కుప్పంలో ఆరో తరగతిలో చేరింది. కాగితం తెచ్చి నా భార్య ముందు పెట్టి, పోదామా అని అడిగాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది.

"వద్దంటే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటా."

"ఈడనే ఉందాం. బిడ్డకు ఇప్పుడిప్పుడే స్నేహితులు అయినారు. ఆడికి పోతే మళ్ళ ఒక్కతే అయిపోతాది."

నాకు పోవాలనే ఉంది. అది ఆమెకూ తెలుసు. బదిలీ వద్దని జవాబు రాసి, మరునాడు కుప్పం నడిచిపోయి పోస్టు చేశాను.