చెల్లెమ్మ కాగితం ప్రాసెసింగ్‌లో ఉంది

మా పక్కింటి చెల్లెమ్మ పోయిన మంగళవారం తెల్లవారుతూనే ఆసుపత్రిలో కన్నుమూసింది. ఆమె కూతురు వచ్చి నాకు చెప్పింది. మధ్యాహ్నానికల్లా మన తెలుగు సంఘం గ్రూపులో నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆమెకు సాయం అవసరమైన వేసవిలో ఆ నలభై మందిలో ఫోనెత్తిన వాళ్ళను లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు కూడా నిండలేదు. ఆ సంగతి నాకు గుర్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

చెల్లెమ్మ గుంటూరు వైపు మనిషి, నాకు బంధువు కాదు. బర్మింగ్‌హామ్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకే గోడ. ఆ గోడే మాకు చుట్టరికం. భర్త పోయాక ముందుగదిలో మిషను వేసుకుని డ్రైక్లీనింగ్ షాపులకు ప్యాంట్ల అంచులూ, మనవాళ్ళకు జాకెట్లూ కుట్టేది. గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకునే మాట్లాడేది. మింగుతావేమో అంటే, "నోట్లో సూదులుంటే అనకూడని మాట బయటికి రాదు అన్నయ్యగారూ" అనేది.

పన్నుల ఆఫీసు నుంచి గోధుమరంగు కవరు వస్తే వెంటనే తెరిచేది కాదు. బైబిలు మీద పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, అప్పుడు కత్తెరతో అంచు కోసేది.

"లోపల అచ్చయింది ప్రార్థనకు మారదు చెల్లెమ్మా" అన్నానొకసారి.

"కవరు మారదండీ. తెరిచేదాన్ని నేను మారాలిగా."

ఏడేళ్ళ కిందట ఆమె కూతురికి ఉత్తరాన, చాలా దూరంలో ఫార్మసీ సీటు వచ్చింది. ఇక్కడ ఫీజుకు అప్పు సులువుగానే దొరుకుతుంది. తిండికీ అద్దెకూ ఇచ్చే సాయం మాత్రం ఇంటి ఆదాయం రుజువైతేనే పూర్తిగా వస్తుంది. ఉద్యోగస్తులకు ఆ రుజువు కంపెనీ ఇస్తుంది. సొంతంగా కుట్టుకుని బతికే మనిషికి, తను పంపిన పన్ను రిటర్న్ చూసి పన్నుల ఆఫీసు పంపే లెక్క కాగితమే రుజువు. సెప్టెంబరు మొదటివారంలోగా అద్దె కట్టకపోతే హాస్టల్ గది పోతుంది. గది పోతే సీటు పోయినట్టే.

రిటర్న్ నింపి పెట్టింది మన సంఘం అప్పటి కార్యదర్శి. ఉచితంగా నింపానని రెండు సభల్లో చెప్పుకున్నాడు. కాగితం జూన్‌లో వెళ్ళింది. జూలైలో పిల్ల ఫోన్ చేస్తే ప్రాసెసింగ్‌లో ఉందన్నారు. వారం తరవాత చేసినా అదే మాట. లైను కలిసేదాకా వాళ్ళు వినిపించే పాట గోడ ఇవతలికి వచ్చేది. పాట మొదలైతే అవతల మిషను ఆగేది. మిషను మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని నేను చదువుతున్న పుస్తకం మూసి కూర్చునేవాణ్ణి. ఒక్కోరోజు అది మొదలయ్యేదే కాదు.

కార్యదర్శి మా బస్టాపులో దొరికాడు.

"గవర్నమెంటు పని అంకుల్. వాళ్ళకి లేని తొందర మనకెందుకు?"

"మీ అబ్బాయి సీటయితే ఇదే మాట అంటావా?"

"మావాడికి ఈ తంటాలు లేవు. నాది జీతం కదా" అని నవ్వాడు. ఆ తరవాత చెల్లెమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

చివరికి పన్నుల ఆఫీసుకు నేనే ఉత్తరం రాశాను. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు చేసింది గుమాస్తా పనే అయినా, ఆ డిపోలో నాలాగా ఇంగ్లీషు రాసినవాడు లేడు. మూడు పేజీలు. చెల్లెమ్మ చేత సంతకం చేయించి, తపాలా పెట్టెలో స్వయంగా వేశాను. ఆగస్టు అంతా జవాబు లేదు. నెలాఖరున ఫోన్ చేస్తే, ఫైలు మళ్ళీ మొదటినుంచి చూడాల్సి వస్తోందన్నారు. కారణం చెప్పలేదు.

సెప్టెంబరులో గది పోయింది. లెక్క కాగితం నవంబరులో వచ్చింది. అప్పుడు కూడా ఆమె దాన్ని బైబిలు మీద పెట్టి ప్రార్థన చేసుకుందట. పిల్ల మరుసటి ఏడు బస్సెక్కి వెళ్ళిరాగల కాలేజీలో అకౌంట్సు చదివింది. ఫార్మసీ మాట ఆ ఇంట్లో నేను మళ్ళీ వినలేదు.

ఆ తరవాతి ఉగాది సభలో, కార్యదర్శి తప్పుగా నింపబట్టే ఒక పిల్ల చదువు పోయిందని నేను అందరి ముందూ అన్నాను. అతను పదవి వదిలేదాకా అన్నాను. "ఆయన్నేం అనకండి అన్నయ్యగారూ" అని చెల్లెమ్మ ఎన్నోసార్లు చెప్పింది. అది ఆమె మంచితనం అనుకున్నాను.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు, తల్లి పోయిన సంగతి చెప్పడానికి పిల్ల పన్నుల ఆఫీసుకు ఫోన్ చేసింది. నన్ను పక్కన ఉండమంది. ముందుగదిలో బల్ల మీద ఫోన్ పెట్టి స్పీకర్ వేసింది. చాలాసేపు పాట. తరవాత ఒక మర్యాదైన ఆడగొంతు సంతాపం చెప్పింది, పుట్టినతేదీ అడిగి రికార్డులు వెతికింది. ఈ అడ్రసులో అదే పుట్టినతేదీతో మా రికార్డుల్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, చనిపోయింది ఎవరు అని అడిగింది.

పిల్ల తన గొంతు అవతలికి వినపడకుండా బటన్ నొక్కింది.

"ఇద్దరేమిటమ్మా?"

"మీ లెటర్, అంకుల్. అందులో అమ్మ నేమ్ బ్యాక్ టు ఫ్రంట్ ఉంది. వేరే పర్సన్ అనుకుని సెకండ్ ఫైల్ ఓపెన్ చేశారు. రిటర్న్ మధ్యలో స్టక్ అయిపోయింది."

నిజమే. పరాయివాళ్ళ కోసం పేరు తిరగేసుకోవడమేమిటని ఇంటిపేరు ముందు పెట్టి రాశాను. సంతకమూ అలాగే చేయించాను.

"ఎప్పుడు తెలిసింది?"

"దట్ నవంబర్. మీకు చెప్పొద్దంది అమ్మ. ఆ లెటర్ అంటే మీకు చాలా ప్రౌడ్ కదా అంది."

కార్యదర్శిని ఉగాది సభలో అన్న మాటలు ఇక్కడ, అందరూ చదివేచోట, వెనక్కి తీసుకుంటున్నాను. అతను ఫోనెత్తలేదన్న మాట మాత్రం తీసుకోను. ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు. ఉత్తరం సంగతి చెప్పాక ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. మా ఇద్దరి మధ్యా బల్ల మీద అది వెలుగుతూ ఉంది. లోపలి గొంతు ఎంతో మర్యాదగా, తొందర లేకుండా అడుగుతూనే ఉంది.

"హలో? ఆర్ యూ స్టిల్ దేర్?"