సెలవు కాయితం మీద వేలిముద్ర

"ఈ కాయితం మీద వేలిముద్ర నీదేనా అమ్మా?"

"నాదే సార్. సెలవు కాయితమనుకొని ఏసినా. దాండ్లో ఏముండాదో నాకు తెల్దు."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. సార్ కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

మా ఆయన చనిపోయాక బుక్కరాయసముద్రం దగ్గర ఒక కాలేజీలో ఊడ్చే పనికి చేరాను. సార్ అక్కడ పిల్లలకు వ్యాపారంలో నీతి గురించి పాఠం చెప్పేవారు. ఏ పాఠం చెప్పినా చివర్లో ఒకటే అడిగేవారు: "దీంట్లో నష్టపోయినోళ్లను ఎవరైనా అడిగినారా?"

"అది పరీక్షలో వస్తాదా సార్?" అని పిల్లలు నవ్వేవారు. నేను వరండాలో చీపురు ఆపి వినేదాన్ని.

ఆ ఎండాకాలం కాలేజీవాళ్లు లోతుగా కొత్త బోరు వేయించారు. పక్క పల్లెలో బోర్లు ఎండిపోయాయి. సార్ పిల్లలను ఆ పల్లెకు తీసుకుపోయి, ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లతో మాట్లాడించారు.

మా ఆయన తిథికి నేను రెండు రోజులు సెలవు అడిగి ఉన్నాను. ఆ వారంలోనే గుమాస్తా వచ్చి, "వేలిముద్ర ఏయక్కా, నీ సెలవు కాయితం" అన్నాడు. వేశాను. సార్ పాఠం మానేసి పిల్లలను రెచ్చగొడుతున్నాడని నేనే చెప్పినట్టు అందులో రాశారంట. దాన్నే చూపించి ఆయనను పనిలోంచి తీసేశారు.

ఇప్పుడు వేరే సార్ అదే పాఠం పుస్తకం చూసి చదివేసి పోతాడు. ఆ గదిని నేనింకా ఊడుస్తూనే ఉన్నాను.

మనవరాలా, ఇది యాడికి పంపితే ఆ సార్‌కు చేరుతుందో కూడా నాకు తెలీదు. అయినా నేను చెప్పిందే రాసినావా? మొదటినుంచి ఒకసారి చదువు పాపా, వింటాను.