బంతి మధ్యలో లేచిన అల్లుడు

నా గుండె మంట గురించి ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను నేరుగా అడగలేదు. భోజనాల బంతి మధ్యలోంచి లేచిపోయాననే మాట మాత్రం కార్వేటినగరం నుంచి చిత్తూరు దాకా మా చుట్టాలందరికీ తెలుసు. ఎందుకు లేచానో ఎవరికీ అక్కరలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

జపానుతో యుద్ధం జరుగుతున్న రోజులు. కార్వేటినగరంలో మా మామ ఇంట్లో మరదలి పెళ్ళి. చింతపండు పులుసన్నం రెండు ముద్దలు దిగాయో లేదో, కడుపులోంచి పులుపు గొంతు దాకా ఎగదన్నింది. రొమ్ములో నిప్పులు పోసినట్టయింది. వడ్డన సాగుతుండగానే లేచి పెరట్లోకి పరుగెత్తాను. బంతిలో అందరూ ముగించకముందే ఒకడు లేస్తే అన్నం పెట్టినవాళ్ళను అవమానించినట్టే. మామ అందరూ వినేలా అన్నాడు:

"మా కూడు అల్లుడి నోటికి పోలేదంట. రోగమూ లేదు, పాడూ లేదు. అంతా పొగరప్పా!"

ఆ మాట నేను మరచిపోలేదు. మరచిపోను కూడా.

సోడా పొడి తాగాను, జీలకర్ర నమిలాను. పడుకుంటే మంట ఎక్కువయ్యేది, అందుకని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాణ్ణి. ఆ సంగతి మా ఆవిడ పుట్టింట్లో చెబితే నవ్వారట.

చివరికి బాంబులకు జడిసి రంగూను నుంచి నడిచి వచ్చిన ఒకాయన పుత్తూరులో సూదులు గుచ్చి వైద్యం చేస్తున్నాడని విని రైలెక్కాను. రంగూన్లో ఒక చీనా వైద్యుడి దగ్గర పనిచేస్తూ నేర్చుకున్నాడట. పుత్తూరులో నాతో దిగినవాళ్ళంతా విరిగిన చేతులకూ కాళ్ళకూ కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళే. వాళ్ళను చూస్తే అసూయ కలిగింది. కట్టు కనిపిస్తే చాలు, ఎవరైనా జరిగి చోటిస్తారు. నా మంటకు కట్టు ఎక్కడ కట్టాలి?

సూదులాయన నా మణికట్టు పైనా, మోకాలి కిందా సన్నటి సూదులు దించాడు.

"మంట కడుపులో ఉంటే కాళ్ళకు గుచ్చుతావేందప్పా?" అన్నాను.

"కడుపుకే గుచ్చేదా? ఊరికే పడుకోబ్బా. రంగూన్లో నీకంటే పెద్ద కడుపుల్ని సూసినా."

వారం వారం వెళ్ళాను. కాఫీ మానమన్నాడు, తినగానే పడుకోవద్దన్నాడు. కాఫీ మానడం వల్లే తగ్గిందని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. అననీ. ఒకరోజు తెల్లవారి చూసుకుంటే చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. మా ఆవిడ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

ఆ తర్వాత మామ మనవడికి, అదే మా మరదలి కొడుక్కి, కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించి, కింద తిరుపతి సత్రంలో భోజనాలు పెట్టారు. పులుసు తిన్నాను, చారు తిన్నాను, పాయసం తిన్నాను. మజ్జిగన్నం రెండోసారి వేయించుకున్నాను. అందరి విస్తళ్ళూ ఖాళీ. నేను ఇంకా తింటున్నాను కాబట్టి ఎవరూ లేవడానికి లేదు.

"ఏమప్పా, లేస్తావా లేదా? కాళ్ళు తిమ్మిరెక్కినాయి," అని పక్కనున్న ముసలాయన గొణిగాడు.

"కూసో పెద్దాయనా. కూడు పెట్టినోళ్ళను అవమానం సేయకూడదు," అన్నాను, మామకు వినబడేలా.

బంతంతా గొల్లుమంది. నేను తీరిగ్గా ఆఖరి ముద్ద మింగి, అందరికంటే చివర లేచాను. అంత రుచైన మజ్జిగన్నం మళ్ళీ తినలేదు.

చెయ్యి కడుక్కుని మామ ఎదుట నిలబడ్డాను.

"పొగరన్నావే మామా, ఇప్పుడేమంటావు?"

"ఉండు, ఆకూవక్కా తెస్తా," అని లోపలికి పోయాడు. ఆకూవక్కా ఇంకెవరో తెచ్చి ఇచ్చారు.

మామా, నీ చెవులు బాగానే ఉన్నాయి, ఇది చదివి వినిపించడానికి నీ కూతురుంది. నాది రోగమా, పొగరా? నలుగురిలో అన్నావు, నలుగురిలోనే జవాబు చెప్పు.