లోపల ఈ, పైకి ఊ

నా నోటిని అద్దంలో అంత దగ్గరగా చూసుకోవాల్సి వస్తుందని ముందే తెలిస్తే జర్మన్ జోలికి వెళ్లేదాన్ని కాదు. పళ్ల సందుల్లో పొద్దున తిన్న పచ్చడి, నాలుక మీద తెల్లటి పాచి, పెదవులు సున్నాలా చుట్టగానే మూలల్లో ఊరే ఉమ్మి. ఆ సున్నాలోంచి ఒక శబ్దం రావాలట. దానికి తెలుగులో అక్షరం లేదు. జర్మన్‌లో మాత్రం నెత్తిన రెండు చుక్కలతో కూర్చుంటుంది, మిఠాయి మీద ఈగలు వాలినట్టు.

అంత కర్మ ఎందుకంటే, మా ఆఫీసులో ఇంగ్లీషు ఫోన్లెత్తే పనిని తీసేస్తున్నారు. జర్మన్ నోటి పరీక్ష గట్టెక్కినవాళ్లే ఉంటారు. లేదంటే నాకు మిగిలేది పాతబస్తీలో మా లేసుల దుకాణం. నాన్న తర్వాత అది అన్న చేతికి వచ్చింది. నేను ఆ గల్లాపెట్టె పక్కనే పెరిగాను, దుకాణమంటే చిన్నచూపు లేదు. కానీ "చూస్తివా, తిరిగి తిరిగి ఈడికే వస్తివి" అని అన్న అనబోయే మాట నాకు ముందే వినబడుతోంది. దానికన్నా ఈగల అక్షరమే నయమనుకున్నాను.

కోచింగులో టీచరమ్మ పద్ధతి చెప్పింది. నాలుకతో ఈ అనాలి. నాలుక కదపకుండా పెదవులు ఊ అన్నట్టు చుట్టాలి. గదినిండా పెళ్లాం పిల్లలున్న పెద్దమనుషులు, ఒక్కసారిగా మూతులు ముందుకు చాచారు. నా పక్కనాయన పచ్చి ఉల్లిపాయ తిని వచ్చాడు. ఆయన ఈ నుంచి ఊకి వెళ్లేలోపు తుంపర నా చెంప మీద పడింది. దుపట్టాతో తుడుచుకుని, ఆ దుపట్టాను రోజంతా ముట్టుకోలేదు.

తలుపుకి వాళ్ల మాట ఒకటుంది. నేను తూర్ అన్నాను. కాదంది. తీర్ అన్నాను. అసలే కాదంది.

"నడుమ పెట్టి ఖతం చేద్దాం మేడమ్. త్యూర్. మీ మాటా వద్దు, నా మాటా వద్దు."

"ఇది బజారు కాదమ్మా" అంది.

ఛత్రినాకలో మా ఇంటి వాకిట్లో సాధన చేస్తుంటే అమ్మ చూసింది.

"ఏందే గా మూతి? పాలాయన చూస్తే ఏమనుకుంటడు?"

"జర్మన్ అమ్మా."

"మాకు జర్మన్ గిన్నెలే తెల్సు. అవి తోమితే గూడ గింత ఉమ్మి పడదు."

పరీక్ష దగ్గరపడ్డ వారంలో పక్కింటి అక్క వచ్చింది, కూతురి పెళ్లిబట్టలకు తోడు రమ్మని. మా గల్లీలో అదొక ఆనవాయితీ. ఎవరింట్లో శుభకార్యమైనా బట్టల బేరానికి నన్ను తీసుకెళ్లాల్సిందే. నా ముఖం చూస్తే రేటు దానంతటదే దిగుతుందని నమ్మకం. అది నాన్న పెట్టిన విద్య. గల్లా వెనక కూర్చుని చెప్పేవాడు: "కండ్లల్ల మెరుపు కనవడ్డదా, గిరాకీ మన జేబుల వడ్డట్టే బిడ్డా. నువ్వు కొనవోతే మాత్రం మెరుపు మింగెయ్యాలె."

ఆ రోజు దుకాణదారు చిలకపచ్చ పట్టుచీర ఒకటి పరిచాడు. ప్రాణం లేచొచ్చింది. పళ్లు బయటపడబోయాయి. వెంటనే అలవాటు ప్రకారం వాటిమీద పెదవులు చుట్టి, చచ్చిన బల్లిని చూసినట్టు చూశాను. నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది.

అదే. రెండు ఈగల అక్షరం. నాలుక లోపల ఇంకా సంతోషంగా ఈ అంటోంది, పెదవులు ఛీ కొడుతూ ఊ అంటున్నాయి. చీర వంక చూస్తూ మళ్లీ అన్నాను. ఈసారి తలుపు మాట మొత్తం అన్నాను.

"ఏమంటున్నవే?" అని అక్క మోచేత్తో పొడిచింది.

"తలుపు అంటున్న."

"తలుపేందే, చీర జూడు!"

దుకాణదారు చేతులు జోడించాడు. "అరె అమ్మా, గట్ల మూతి వెట్టకుండ్రి, ఉన్న గిరాకీ ఉర్కుతది. మీరే చెప్పుండ్రి, ఎంతకియ్యాలె?"

అక్క చీరతో, నేను అక్షరంతో ఇంటికొచ్చాం. దారంతా నా మీద నాకే రోత. మనసైనదాన్ని ఛీ అనడమే ఇన్నేళ్ల నా సంపాదన, అదీ జర్మన్‌కి పనికొచ్చింది.

పరీక్ష రోజున, పరీక్ష పెట్టే ఆవిడ కార్డు మీది మాటలు ఒక్కొక్కటే చదివించింది. ప్రతి మాటకీ ఆ పచ్చచీరను తలుచుకుని మూతి తిప్పాను. తలుపు మాట రాగానే "మళ్లీ" అంది. అన్నాను. "మళ్లీ" అంది. నాకు ఒళ్లు మండింది. సరుకు బాగున్నా పదేపదే తిప్పి చూసే గిరాకీతో ఏం చేయాలో మా ఇంట్లో అందరికీ తెలుసు.

"ఇంతకన్నా బాగా రాదు మేడమ్. ఇదే ఆఖరు" అని సంచీ భుజాన వేసుకుని లేచి వచ్చేశాను.

అలా లేచాక నెమ్మదిగా నడవాలి. చెవి మాత్రం వెనకే ఉంచాలి. బజార్లో గడప దాటకముందే పిలుపు వస్తుంది. వరండా అయిపోయింది. లిఫ్టు తలుపు తెరుచుకుంది, నా ముఖం మీదే మూసుకుంది. ఎవరూ పిలవలేదు. అన్న గొంతు మాత్రం వినబడింది, ఈడికే వస్తివి అని.

బేరంలో లేచిపోయి మళ్లీ తనంతట తానే వచ్చినవాళ్లకి విలువుండదు. అలాంటివాళ్లను చూసి మేం కళ్లతోనే నవ్వుకునేవాళ్లం. నేను తిరిగి లోపలికి వెళ్లాను.

ఆవిడ కార్డు పట్టుకుని అలాగే కూర్చుని ఉంది. "మంచినీళ్లకి వెళ్లారా? తలుపు చాలా బాగా వచ్చింది, రికార్డు సరిగా పడలేదని మళ్లీ అడిగాను. ఇంకా కొన్ని మాటలున్నాయి" అంది.

మిగతా మాటలకు పచ్చచీర అక్కర్లేకపోయింది. నన్ను నేను తలుచుకుంటే చాలు, మూతి తనంతట తనే చుట్టుకుంది.

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు రోజంతా ఆ ముఖంతోనే మాట్లాడతాను. ఎంత మర్యాదగా చెప్పారో అని అవతలివాళ్లు మెచ్చుకుంటారు. నవ్వుతూ మాట్లాడేందుకని అందరి బల్లల మీదా ఒక చిన్న అద్దం పెట్టారు. నాది వచ్చిన రోజే బోర్లించాను.